ఆహారమందలి వర్ణద్రవ్యములు – స్థూలకాయము

గాయమైన చోటు ఎఱ్ఱబాఱి, వాచి, వేడెక్కుట అందఱెఱిగినదే. శరీరరక్షణకై జరుగు ఈ క్రియను శోథ యందురు. గాయము మానగనే యిది శమించును. కాని స్థూలకాయులలో పైకి కానరాక, ఏండ్ల తరబడి మందముగా సాగు శోథ యొకటి కలదు.

కొవ్వు వట్టి నిలువ పదార్థము కాదు. రసాయనములను స్రవించు ధాతువు. స్థూలించిన ఎలుకల కొవ్వునందు శోథను రేపు 'టి.ఎన్.ఎఫ్. ఆల్ఫా' యను మాంసకృత్తు అధికముగా పుట్టి, ఇన్సులిన్ పనికి అడ్డు తగులుచున్నదని 1993లో అమెరికాలో హోటామిస్లిగిల్, స్పీగల్‌మన్ ప్రభృతులు చూపిరి. అట్టి కొవ్వునందు భక్షక కణములు గుమిగూడునని 2003లో వెల్లడియైనది. స్థూలకాయము మధుమేహమునకు దారితీయుటకు ఇది యొక కారణము.

మొక్కల రంగులకు ఇచట ప్రసక్తి కలిగినది. నేరేడు, నల్లద్రాక్ష, వంకాయ తొక్కలలోని ఊదారంగు ఆంథోసయనిన్లది. టమాటా యెఱుపు లైకోపీనుది. పసుపుకొమ్ము వన్నె కుర్కుమినుది. ఆకుకూరలందు బీటా కెరోటీను పత్రహరితము మాటున దాగియుండును. ఇట్టి ద్రవ్యములు కణములలోని శోథ సంకేతములను అణచుట ప్రయోగశాలలలో కనబడినది. ఊదా మొక్కజొన్న రంగును తినిన ఎలుకలు, కొవ్వు మెండైన ఆహారము పెట్టినను అంతగా స్థూలింపలేదని 2003లో జపానులో తేలినది. మనుష్యులపై ఫలితములు మాత్రము ఇంత నిలుకడగా లేవు.

తినినదెల్ల ఒంటబట్టదు. 2 గ్రాముల కుర్కుమినుతో 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అనగా మిరియపు కారము, చేర్చినచో అది రక్తమున చేరుట యెన్నో రెట్లు హెచ్చునని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాలవారు ప్రకటించిరి. పసుపున కుర్కుమిను సుమారు నూటికి మూడు పాళ్లే గనుక, ఆ 2 గ్రాములకు 65 గ్రాముల పసుపు కావలయును. పప్పులోని చిటికెడు పసుపు ఔషధమని భ్రమింపరాదు.

అట్లని మాత్రల నాశ్రయించుటయు క్షేమము కాదు. ఫిన్లండులో బీటా కెరోటీను మాత్రలు వాడిన పొగత్రాగువారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు నూటికి 18 పాళ్లు అధికమైనదని 1994లో బయల్పడినది.

కావున రంగులు కంచముననే యుండదగును. ఆంథోసయనిన్లు నీట కరగును. ఉడికించిన నీటిని పారబోయరాదు, వంకాయ తొక్క తీయరాదు. కెరోటీను, లైకోపీనులకు కొంచెము నూనె తోడు కావలయును. తమిళనాటి తెలుగువారికి కవుని నల్లబియ్యము, మహారాష్ట్రమున నున్నవారికి కోకం పండు అందుబాటున నున్నవి. మితాహారము, వ్యాయామము, వైద్యుని చికిత్స – వీనికి రంగులు తోడగునే గాని బదులు కానేరవు.