చివరికి ఆ ఊళ్లో కొట్టే లేకుండా పోయింది

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఓరియెంటల్ అనే చిన్న ఊరుంది. జనాభా వెయ్యి లోపే. అక్కడ ఒక కిరాణా దుకాణం 44 ఏళ్లు నడిచింది. 2014లో వాల్‌మార్ట్ ఆ ఊళ్లో ఒక చిన్నపాటి స్టోర్ తెరిచింది. తక్కువ ధరలు చూసి జనం అటు మళ్లారు. 2015 అక్టోబరులో పాత దుకాణం మూతపడింది. మూడు నెలలు తిరగకుండానే, 2016 జనవరిలో, వాల్‌మార్ట్ ప్రపంచవ్యాప్తంగా 269 స్టోర్లు మూసేస్తున్నట్టు ప్రకటించింది. వాటిలో ఓరియెంటల్ స్టోర్ కూడా ఉంది. పాతదీ పోయింది, కొత్తదీ పోయింది. ఊరికి మిగిలింది దూరప్రయాణమే.

పెద్ద స్టోర్ అంత చౌకగా ఎలా అమ్మగలదు? వేల స్టోర్లకు ఒకేసారి కొంటుంది కాబట్టి తయారీదారు దగ్గర గట్టిగా బేరమాడగలదు. కొన్ని సరుకులను నష్టానికైనా అమ్మి, మిగతావాటి మీద రాబట్టుకోగలదు. చిన్న కొట్టుకు ఆ రెండూ సాధ్యం కావు. ఈ అసమానతను అరికట్టడానికే అమెరికా 1936లో రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం చేసింది. తర్వాతి దశాబ్దాల్లో దాని అమలు సన్నగిల్లింది.

మన దేశంలో 2012లో కేంద్రం బహుళ బ్రాండ్ల చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించింది. పది లక్షలు దాటిన నగరాలకే అని షరతు పెట్టి, తుది నిర్ణయం రాష్ట్రాలకు వదిలింది. అయితే ఆ షరతులు విదేశీ పెట్టుబడికే. స్వదేశీ సూపర్‌మార్కెట్లకు అవి వర్తించవు. అవి మన పట్టణాల్లో వీధివీధికీ వస్తున్నాయి.

వాటిలో మంచి లేదనలేం. సరుకు శుభ్రంగా ఉంటుంది, ధర ముద్రించి ఉంటుంది, కొందరు యువతకు ఉద్యోగాలు దొరుకుతాయి. నెలాఖరుకు వంద రూపాయలు మిగిలితే పేద ఇంటికి అదీ గొప్పే. కానీ జీతం ఆలస్యమైనప్పుడు ఖాతా పుస్తకంలో రాసుకుని బియ్యం ఇచ్చేది వీధి చివరి కొట్టే. అక్కడ పూచీ మన ముఖమే. పైగా ఆ కొట్టు లాభం ఎక్కువగా ఊళ్లోనే ఖర్చవుతుంది. గొలుసు దుకాణాల లాభం దూరాన ఉన్న కేంద్ర కార్యాలయానికి వెళుతుంది.

ఇక్కడ మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. జీతం రాగానే రొక్కం పట్టుకుని సూపర్‌మార్కెట్‌కు వెళ్లి, ఇరవయ్యో తేదీ తర్వాత అరువు కోసం వీధి కొట్టుకు వెళుతున్నామా? అలా చేస్తే ఆ కొట్టును ముంచేది పెద్ద కంపెనీ ఒక్కటే కాదు, మనమూ అందులో భాగస్థులమే. అరువిచ్చేవాడికి రొక్కం అమ్మకం కూడా ఉంటేనే అతను మళ్లీ సరుకు తేగలడు.

పెద్ద స్టోర్ వైపు చూడవద్దని ఎవరికీ చెప్పనక్కర్లేదు. నెల సరుకుల్లో కొంత భాగం వీధి కొట్టులో రొక్కమిచ్చి కొందాం. సంఘ విందుకు కావలసిన పప్పు, నూనె అక్కడే తీసుకుందాం. అన్నిటికన్నా ముందు, ఈ ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి వెళ్లే దారిలో ఆగి పాత బాకీ తీర్చేద్దాం.