జామాయిల్ చెట్టు, కోలా: ఒకే ఊరివాళ్లు, రెండు తలరాతలు

ఖమ్మం వైపో ప్రకాశం వైపో బస్సులో వెళ్తుంటే, రోడ్డు పక్కన తెల్లటి నున్నటి బెరడుతో, నిటారుగా, వరసగా చెట్లు కనిపిస్తాయి కదా? అదే జామాయిల్. పేపర్ మిల్లుకి వెళ్లే కర్ర. మనం ఎక్కువగా వేసే రకం సొంతూరు ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతం, న్యూగినీ. అక్కడ దీని ఆకు తిని బతికే జంతువు ఒకటుంది. దాని పేరు కోలా. కూల్‌డ్రింక్ కాదండోయ్! చూడ్డానికి ఎలుగుబంటి పిల్లలా ఉంటుంది కానీ, ఇది కంగారూ లాగా పొట్ట సంచిలో పిల్లని పెంచే జాతి.

ఇద్దరినీ పోల్చి చూద్దాం. మొదటిది, పుట్టుక. జామాయిల్ విత్తనం ఆవగింజ కంటే చిన్నది. కోలా పిల్ల పుట్టినప్పుడు 2 సెంటీమీటర్లు, బరువు 1 గ్రాము కూడా ఉండదు. ఆరు నెలల దాకా సంచిలోనే ఉంటుంది.

రెండోది, ఆకు. జామాయిల్ తన ఆకుల్ని ఎవరూ తినకుండా వాటిలో విషం, ఘాటు నూనె నింపుకుంటుంది. కోలా కాలేయం ఆ విషాన్ని విరిచేస్తుంది. పీచుని అరిగించడానికి దాని పేగులో సుమారు 2 మీటర్ల పొడవైన భాగం ఉంటుంది. ఆ ఆకులో బలం తక్కువ. అందుకే కోలా రోజుకి 18 నుంచి 20 గంటలు పడుకునే ఉంటుంది. బద్ధకం కాదు, పొదుపు!

మూడోది, అసలు విషయం. దెబ్బ తగిలితే ఏమవుతుంది? జామాయిల్‌ని నరికితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. మన రైతులు ఒకసారి నాటి రెండు మూడు కోతలు తీసేది అందుకే. అడవి కాలినా చాలా చెట్లు మళ్లీ చిగుళ్లేస్తాయి. మరి ఆ చిగురు వచ్చేదాకా కోలా ఏం తినాలి? వేరే ఆకు దానికి పెద్దగా పడదు. ఏడాదికి మహా అయితే ఒక్క పిల్లే.

2019-20 కార్చిచ్చుల తర్వాత జరిగింది ఇదే. చెట్లు పచ్చబడ్డాయి, కాలిపోయిన కోలాలు తిరిగి రాలేదు. పైగా ఇళ్ల కోసం, పశువుల మేత కోసం అక్కడ అడవులు కొట్టేస్తున్నారు. 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతాల్లో కోలాని అంతరించిపోయే ప్రమాదమున్న జంతువుగా ప్రకటించారు.

చూశారా ఫ్రెండ్స్? చెట్టు సముద్రం దాటొచ్చి మన చేలల్లో బతికేసింది. దాన్నే నమ్ముకున్న కోలా మాత్రం సొంతూళ్లోనే నిలవలేకపోతోంది. "నరికితే ఏముంది, మళ్లీ నాటితే సరి" అని ఎవరైనా అంటే, ఒక్క మాట అడగండి: చెట్టు సరే, దాని మీద బతికేవాళ్ల సంగతేంటి?