పాలపళ్లు ఊడే వయసులో లెక్కపెట్టాల్సిన ‘ఆరో పన్ను’

ఒకటో తరగతి పిల్లలను నవ్విస్తే చాలామందికి కింది వరసలో ఒక సందు కనిపిస్తుంది. మొదటి పాలపన్ను సాధారణంగా ఆరేళ్ల వయసులో ఊడుతుంది. ఏడాది అటూ ఇటూ అయినా కంగారు పడక్కర్లేదు. ముందుగా ఊడేవి ఎక్కువగా కింది దవడ మధ్యలోని రెండు పళ్లు. పసితనంలో మొట్టమొదట వచ్చినవీ అవే.

ఊడిన పన్నును చేతిలోకి తీసుకుని చూస్తే వేరు కనిపించదు. అలాగని మొదటి నుంచీ లేదని కాదు. కింద నుంచి శాశ్వత దంతం వస్తున్నకొద్దీ కొన్ని ప్రత్యేక కణాలు పాలపన్ను వేరును కొద్దికొద్దిగా కరిగించేస్తాయి. పట్టు పోయిన పన్ను చివరికి నాలుకతో తోస్తేనే వచ్చేస్తుంది. దారం కట్టి లాగడం అనవసరం. వేరు ఇంకా మిగిలి ఉంటే నొప్పి, రక్తస్రావం తప్పవు. ఊడాక కాస్త రక్తం వస్తే శుభ్రమైన దూదిని కొన్ని నిమిషాలు కొరికి పట్టుకోమంటే సరిపోతుంది.

ఊడిన పన్నును ఏం చేయాలనే దానికి ఉపఖండంలో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. తెలుగు పల్లెల్లో పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేవారు. బెంగాల్లో ఎలుక కలుగులో వేసి, దాని పన్ను లాంటి గట్టి పన్ను ఇమ్మని అడుగుతారు. శ్రీలంకలో అదే కోరిక ఉడుతకు చెప్పుకుంటారు. అడగడానికి తగిన జీవులే! ఎలుకకు, ఉడుతకు ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. మనిషికి ఆ వెసులుబాటు లేదు. పాలపళ్లు 20, తర్వాత వచ్చేవి జ్ఞానదంతాలతో కలిపి 32. మూడో విడత ఉండదు.

అసలు చిక్కు నోటి వెనక భాగంలో ఉంది. ఇంట్లో అందరి చూపూ ఊడిన ముందుపన్ను మీద ఉన్న రోజుల్లోనే, చిట్టచివరి పాలపన్ను వెనక ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. పైనా కిందా కలిపి ఇలాంటివి నాలుగు. వీటికి చోటివ్వడానికి ఏ పాలపన్నూ ఊడదు. అందుకే పెద్దవాళ్లు అదీ పాలపన్నే అనుకుంటారు, పుచ్చినా ‘ఊడిపోయేదేగా’ అని వదిలేస్తారు. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని పైభాగంలో లోతైన గాడులు ఉంటాయి, బిస్కట్ ముక్కలు అక్కడ ఇరుక్కుంటాయి, పిల్లల బ్రష్ అంత వెనక్కి సరిగా వెళ్లదు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పాలపళ్లు ఒక్కో పక్క, మధ్య నుంచి వెనక్కి, ఐదే ఉంటాయి. ఆరోది కనిపించిందంటే అది శాశ్వత దంతం. ఊడిన పన్ను చోటును కూడా కలిపి లెక్కపెట్టాలి. గాడులను పలుచటి పూతతో మూసే ‘సీలెంట్’ను డెంటిస్టులు వేస్తారు. దానికి మత్తు ఇంజెక్షన్ అవసరం ఉండదు.

పాలపళ్లలోనూ దవడవి పది నుంచి పన్నెండేళ్ల దాకా ఉండాలి. పుచ్చిపోయి ముందే తీసేయాల్సి వస్తే, వెనకనున్న ఆరో పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది. తర్వాత రావాల్సిన దంతానికి చోటు చాలక వంకరగా వస్తుంది. ఆ ఖాళీని కాపాడే చిన్న పరికరం అమర్చాలా అని డెంటిస్టును అడగాలి.

కొందరికి పాలపన్ను ఊడకముందే దాని వెనక కొత్తది వచ్చి రెండు వరసల్లా కనిపిస్తుంది. పాతది కదులుతుంటే కొన్నాళ్లు ఆగవచ్చు, కదలకపోతే చూపించాలి. ఆటల్లో పడి పన్ను ఊడితే మాత్రం అది ఏ పన్నో తేల్చుకోవాలి. పాలపన్నును తిరిగి పెట్టకూడదు. శాశ్వత దంతమైతే వేరును ముట్టుకోకుండా పాలలో వేసి, వెంటనే డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి. అరగంటలోపు చేరితే అది మళ్లీ నిలిచే అవకాశం ఎక్కువ.