లోపలా వెలుపలా

దేవుడు మోషేకు మందసం కొలతలు చెప్పినప్పుడు రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు, మూరన్నర ఎత్తు అన్నాడు. కర్ర మాత్రం దేవదారు కాదు, తుమ్మ (నిర్గమ 25:10). సీనాయి ఎడారిలో పెరిగే ఆ తుమ్మ మన పల్నాడు చేలగట్ల మీది నల్లతుమ్మకు దగ్గరి చుట్టమే. మనవాళ్లు బండ్లకూ నాగళ్లకూ వాడిన కర్ర. దానికి లోపలా వెలుపలా బంగారు రేకు పొదగాలని ఆజ్ఞ. మూత వేస్తే ఎవరికీ కనబడని లోపలివైపుకు బంగారం ఎందుకు? ఈ వచనం మీద ఎన్నోసార్లు ప్రసంగించాం. అది మమ్మల్ని పట్టుకున్నది మాత్రం కోటప్పకొండ దగ్గర మా ఇంటి వరండాలో, ఒక పాత పెట్టె ముందు కూర్చున్నాకే.

ఆ పెట్టె మా నాన్నగారిది. నల్లతుమ్మ చెక్క. పంపకాల్లో మా వంతుకు వచ్చింది. క్రిస్మస్‌కు ఇంటికి సున్నం వేసినప్పుడల్లా దానికీ ఒక చేయి ఆకుపచ్చ రంగు పూసేవాళ్లం. రంగు మీద రంగు. చివరికి పొట్టలు లేచి పెచ్చులూడింది. ఈసారి చెక్క దాకా వెళ్లాలనుకున్నాం.

ఊళ్లో ఆచారిగారు శివరాత్రి ప్రభల పనిలో తీరిక లేకుండా ఉన్నారు. అయినా వచ్చి చూశారు. "అయ్యగారూ, పాతది పోకుండా ఎన్ని పూతలు వేసినా నిలవదు. తొందరపడి అడ్డంగా రుద్దారంటే ఆ గీతలు ఇక పోవు" అన్నారు. ఉప్పుకాగితం ముందు 80 నంబరు, తర్వాత 120, చివర 220. ఎప్పుడూ చెక్క నార వెంబడే. ఇంకో జాగ్రత్త మేము చెబుతాం. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. పొడిగా గీకితే ఆ దుమ్ము పసిపిల్లలకు విషం. తడిపి రుద్దాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి.

వెలుపలి పని మూడు రోజుల్లో అయింది. లోపల ఎవరు చూస్తారులే అని వదిలేయబోయాం. మా ఇంటావిడ ఊరుకోలేదు. అడుగుభాగం గీకుతుంటే ఒక పలక నారే వేరుగా కనిపించింది. తుమ్మ కాదు, వేప. చెదలు తిన్నంత మేర కోసి, అతుకు తెలియకుండా కూర్చారు. ఆచారిగారిని అడిగాం.

"మీ అన్నగారు నాచేత వేయించిందేనండీ. నాన్నగారు మంచంలో ఉన్నప్పుడు. తమ్ముడికి వెళ్లే పెట్టె, బాగుచేసి ఇద్దామన్నారు. డబ్బులూ ఆయనే ఇచ్చారు."

దాచకుండా చెప్పాలి. మా అన్నయ్యతో మాకు తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. నాన్నగారి వైద్యం ఖర్చుల లెక్క దగ్గర వచ్చిన తగాదా. మంచివన్నీ ఉంచుకుని పాత పెట్టె మా మొహాన కొట్టాడని బంధువుల దగ్గర అనేవాళ్లం. సహోదరునితో సమాధానపడి వచ్చి అర్పణ అర్పించమన్న ప్రభువు మాట (మత్తయి 5:23, 24) సంఘానికి చదివి వినిపిస్తూ, ఆ చేతులతోనే రొట్టె విరిచాం.

యోషీయా రాజు తన యేలుబడి 18వ ఏట దేవాలయాన్ని బాగుచేయించాడు. ఆ పనిలోనే ధర్మశాస్త్ర గ్రంథం బయటపడింది. ప్రసంగీకులం అందరం దొరికిన గ్రంథం గురించే చెబుతాం. దానికి ముందు ఒక చిన్న మాట ఉంది. పనివాళ్లు నమ్మకస్థులు గనుక వాళ్ల చేతికిచ్చిన సొమ్ముకు లెక్క అడగలేదట (2 రాజులు 22:7). ఆ వచనం దగ్గర మేము ఆగింది ఆ రాత్రే.

ఫోన్ చేయడానికి ఇంకా రెండు రోజులు పట్టింది. "పెట్టె గీకాం అన్నయ్యా. వేప పలక చూశాం" అన్నాం. చాలాసేపు అవతల చప్పుడు లేదు. "ఇప్పుడా చూసింది?" అన్నాడు.

తిరునాళ్ల ముగిసి ప్రభలు ఊళ్లకు మళ్లిన మర్నాడు వచ్చాడు. అప్పటికి మేము లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పూత వేస్తున్నాం. ఒకేసారి మందంగా వేయకూడదు. పలచగా వేసి, ఆరనిచ్చి, మళ్లీ వేయాలి. ఖర్చుల కాగితాలు ఆయన సంచిలో కనబడుతూనే ఉన్నాయి. ఆయన తీయలేదు, మేము అడగలేదు. కాసేపు నిలబడి చూశాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, ఇంకో గుడ్డ తీసుకుని, లోపలివైపు తనే మొదలుపెట్టాడు.