యాపిల్‌లో పురుగు, పురుగులో డ్రాగన్

యాపిల్ కోసినప్పుడు మధ్యలో పురుగు కనిపిస్తే ముఖం చిట్లించి ఆ ముక్క అవతల పారేస్తాం. జపాన్‌లో పోకెమాన్ ఆటలు తయారుచేసేవాళ్లు మాత్రం ఆ పురుగుని పట్టుకుని, ఇది డ్రాగన్ పిల్ల అన్నారు. దాని పేరు యాప్లిన్. 2019 నవంబర్ 15న నింటెండో స్విచ్ మీద విడుదలైన ‘పోకెమాన్ స్వోర్డ్’, ‘పోకెమాన్ షీల్డ్’ ఆటల్లో మొదటిసారి కనిపించింది. పోకెమాన్ల వరుసలో దాని నంబరు 840. ఎత్తు 20 సెంటీమీటర్లు, బరువు అరకిలో. రెక్కల్లేవు, నోట్లో నిప్పు లేదు. ఎర్రటి పండు, అందులోంచి బయటికి చూస్తున్న కళ్లు, అంతే. అయినా ఆటలో దాని జాతి ‘గడ్డి–డ్రాగన్’.

ఆటలో ప్రతి పోకెమాన్ గురించీ రెండు మూడు వాక్యాల్లో చెప్పే పుస్తకం లాంటిది ఒకటుంటుంది, పోకెడెక్స్ అంటారు. యాప్లిన్ పుట్టగానే ఒక యాపిల్‌ని తొలుచుకుని లోపలికి పోతుందనీ, ఆ పండే దానికి ఇల్లూ తిండీ అనీ అందులో ఉంటుంది. పక్షులు దానికి శత్రువులు. అవి దగ్గరికొస్తే మామూలు పండులా నటిస్తూ కదలకుండా ఉండిపోతుంది.

ఇందులో కల్పన మనం అనుకున్నదానికన్నా తక్కువే. నిజం యాపిళ్లలో కనిపించేది చాలాసార్లు ‘కాడ్లింగ్ మాత్’ అనే చిన్న రెక్కపురుగు పిల్ల. తల్లి పురుగు ఆకుల మీదో పిందెల మీదో గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పండులోకి తొలుచుకుపోయి, గుజ్జు దాటి నడిమధ్యకి చేరి గింజలు తింటుంది. బాగా ఎదిగాక బయటికొచ్చి చెట్టు బెరడు సందుల్లో గూడు అల్లుకుని, రెక్కలతో పైకి లేస్తుంది. పోకెడెక్స్ రాసిన చేతులు తోటమాలి కష్టాన్ని దగ్గరగా చూసినట్టే ఉన్నాయి.

మరి పురుగు డ్రాగన్ ఎలా అయింది? ఈ జీవిలో నాకు అన్నిటికన్నా నచ్చిన విశేషం ఇక్కడే ఉంది. ఈ ఆట జరిగే గాలర్ ప్రాంతానికి నమూనా బ్రిటన్. పాత ఇంగ్లీషులో ‘విర్మ్’ అనే మాట ఉండేది. వానపాముకీ అదే మాట, పాముకీ అదే, కథల్లో నిధికి కాపలా కాసే డ్రాగన్‌కీ అదే. ఇప్పుడు పురుగు అనే అర్థంలో వాడే ‘వార్మ్’ దాని వారసురాలే. ఉత్తర ఇంగ్లండులో, డర్హమ్ ప్రాంతంలో, ‘లాంబ్టన్ వార్మ్’ అని ఒక పాత కథ ఉంది. లాంబ్టన్ ఇంటి కుర్రాడు ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి వేర్ నదిలో చేపలకి గాలం వేస్తాడు. పడింది చేప కాదు, వికారంగా ఉన్న చిన్న పురుగు. విసుక్కుని దాన్ని బావిలో పారేసి, పెద్దవాడయ్యాక మతయుద్ధాలకి పోతాడు. తిరిగొచ్చేసరికి ఆ పురుగు కొండని చుట్టుకునేంత పెరిగి, ఊళ్లకి ఊళ్లని హడలెత్తిస్తోంది. అలాంటి నేలమీద యాపిల్‌లో పురుగు డ్రాగన్ జాతిది కావడం కొత్త ఊహ కాదు, పాత మాటని పట్టుకుని ఆడిన ఆట.

తెలుగువాళ్లకి ఇది ఇంకొంచెం తొందరగా అర్థమవ్వాలి. పల్లెల్లో రాత్రిపూట పాము పేరెత్తడానికి జంకి ‘పురుగు’ అనేవాళ్లు ఉన్నారు. ‘పురుగు ముట్టింది’ అంటే పాము కరిచిందని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పండులోని పురుగు పాముగా మారడమూ మనకి కొత్త కాదు. ఆదిపర్వంలో పరీక్షిత్తు మరణం గుర్తు చేసుకోండి. శాపం గడువు ముగిసే సాయంత్రం, తాపసుల వేషంలో వచ్చిన నాగులు ఇచ్చిన పండులో ఒక సన్నటి పురుగు ఉంటుంది. రాజు దాన్ని తీసి మెడమీద పెట్టుకుంటాడు. ఆ పురుగే తక్షకుడు. యాప్లిన్‌ని గీసినవాళ్లకి ఈ కథతో సంబంధం ఉందని నేను అనడం లేదు. కానీ భారతం విని పెరిగిన పిల్లలు ఆ పండుని చూస్తే ఉలిక్కిపడటానికి కారణం మాత్రం వాళ్ల ఇంట్లోనే ఉంది.

యాప్లిన్ ఎలా ఎదుగుతుందో నిర్ణయించేది పండు రుచి. పుల్ల యాపిల్ ఇస్తే ఫ్లాపుల్ అవుతుంది. తియ్య యాపిల్ ఇస్తే యాపుల్‌టన్. ‘స్వోర్డ్’ ఆటలో దొరికేది పుల్లటిది, ‘షీల్డ్’లో తియ్యటిది. రెండూ కావాలంటే ఇంకో ఆట ఉన్న స్నేహితుడితో మార్చుకోవాలి. ఆవకాయకి ఒక మామిడి, రసం పిండుకోవడానికి ఒక మామిడి అని మనం విడదీసినట్టే, బ్రిటన్‌లో కోసుకు తినే యాపిళ్లు వేరు, వండే యాపిళ్లు వేరు. వండేవాటిలో పేరు మోసింది బ్రామ్లీ, పచ్చిగా కొరికితే పళ్లు పులిసిపోతాయి. నాటింగమ్‌షైర్‌లోని సౌత్‌వెల్ ఊళ్లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి 1809లో నాటిన గింజలోంచి మొలిచిన చెట్టు అన్ని బ్రామ్లీలకీ తల్లి.

ఫ్లాపుల్ రెక్కలు యాపిల్ తొక్కలే. బరువు కిలో మాత్రమే. బుగ్గల్లో ఒళ్లు కాలేంత ఘాటైన ఆమ్లం దాచుకుని ఉమ్ముతుంది. అవసరమైతే మళ్లీ యాపిల్ ఆకారంలోకి ముడుచుకుపోతుంది.

యాపుల్‌టన్ దానికి పూర్తి వ్యతిరేకం. ఎత్తు 40 సెంటీమీటర్లే అయినా బరువు 13 కిలోలు. వీపు చూస్తే ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన ‘యాపిల్ పై’ వంటకం గుర్తొస్తుంది. ఒంట్లోంచి వచ్చే తీపి వాసనకి పురుగు పోకెమాన్లు దగ్గరికి చేరతాయి, వాటినే అది తింటుంది. ఇక పోకెడెక్స్ చెప్పే మాట చదివి నేను కాసేపు ఆగిపోయాను: దాని వీపు చర్మం మహా రుచి, ఒకప్పుడు పిల్లలు చిరుతిండిగా తినేవారట. ఇలాంటిది ఇంతకుముందూ ఉంది. 2002లో ‘రూబీ’, ‘సఫైర్’ ఆటల్లో వచ్చిన ట్రోపియస్ మెడకింద అరటిగెల వేలాడుతుంది. ఆ లోకంలో దక్షిణ ప్రాంతాల పిల్లలకి ఆ పళ్లే చిరుతిండి.

ఫ్లాపుల్‌కి మాత్రమే సొంతమైన దెబ్బ ఒకటి ఉంది. ఎత్తునుంచి శత్రువు మీద యాపిల్ పడేయడం. ఇంగ్లీషులో దాని పేరు గ్రావ్ యాపిల్, జపనీస్ పేరుకి అర్థం ‘జి బలం’. ఆ జి గురుత్వాకర్షణదే. యుద్ధభూమి మీద గురుత్వం పెంచే ఎత్తు ముందే వేసి ఉంటే ఆ యాపిల్ దెబ్బ ఒకటిన్నర రెట్లవుతుంది. బ్రిటన్ నమూనాగా తీసుకున్న ఆటలో ఇది ఎవరికి నమస్కారమో తెలుస్తూనే ఉంది. న్యూటన్ నెత్తిన యాపిల్ పడిందన్నది తర్వాత చేరిన మసాలా. ఆయన ముసలితనంలో, 1726లో, యాపిల్ చెట్ల నీడన టీ తాగుతూ విలియం స్టక్లీ అనే స్నేహితుడితో పండు రాలడం చూసి ఆలోచనలో పడ్డానని చెప్పాడు. స్టక్లీ అది రాసిపెట్టాడు. లింకన్‌షైర్‌లో ఉల్స్‌థార్ప్ ఇంటి దగ్గరి ఆ చెట్టు ‘ఫ్లవర్ ఆఫ్ కెంట్’ రకం. 1820లో గాలివానకి కూలి, పడినచోటే మళ్లీ చిగిర్చింది. ఇప్పటికీ ఉంది.

పుట్టిన ఆటలో యాప్లిన్ పెరిగేకొద్దీ కొత్త విద్యలేమీ నేర్చుకోదు. దానికి వచ్చినవి రెండే: ఉలిక్కిపడేలా చేయడం, లోపలికి ముడుచుకోవడం. పండులో దాక్కున్న పిల్లకి ఇంతకన్నా ఏం కావాలి!

మంచు దెబ్బ తగిలితే మాత్రం ఈ కుటుంబమంతా విలవిల్లాడుతుంది. గడ్డి జాతికి మంచు పడదు, డ్రాగన్ జాతికీ పడదు, రెండూ కలిసినందుకు నష్టం నాలుగింతలు. యాపిల్ పూత మీద వసంతంలో మంచు కురిస్తే ఆ ఏడు కాపు పోయినట్టేనని తోటలవాళ్లకి తెలుసు.

గాలర్‌లో ఒక నమ్మకం ఉంది: ఇష్టపడ్డవాళ్లకి యాప్లిన్‌ని కానుకగా ఇస్తే ఆ జంట సుఖంగా ఉంటుందట. పురుగున్న పండు ప్రేమకానుక కావడం ఈ ఒక్క లోకంలోనే చెల్లుతుందేమో.

జపనీస్‌లో యాప్లిన్ పేరు కజిచ్చు. ‘కజిరు’ అంటే కొరకడం, ‘కజిత్సు’ అంటే పండు. ఒకే పేరులో పండూ, దాన్ని కొరికేదీ ఇమిడిపోయాయి. అనువాదంలో పోయే అందం ఇది.

2023 సెప్టెంబర్‌లో ‘స్కార్లెట్’, ‘వయొలెట్’ ఆటలకి అనుబంధంగా ‘ద టీల్ మాస్క్’ వచ్చింది. అక్కడి ప్రాంతం కిటాకామి, యాపిల్ తోటల సీమ. పేరూ వాతావరణమూ జపాన్ ఈశాన్య ప్రాంతానివి. ఆ దేశంలో పండే యాపిళ్లలో సగానికి పైగా అక్కడి అయోమోరి జిల్లావే. జపాన్ జాతరల్లో పుల్లకి గుచ్చిన యాపిల్‌ని పంచదార పాకంలో ముంచి అమ్ముతారు. యాప్లిన్‌కి పాకం పట్టిన యాపిల్ ఇస్తే డిప్లిన్ అవుతుంది, అచ్చం ఆ జాతర పండులాగే. పోకెడెక్స్ దగ్గర ఇంకో రహస్యం ఉంది. డిప్లిన్‌లో ఉన్నది ఒకటి కాదు, రెండు. బయటికి కనిపించే తల ఒకదానిది, తోక రెండోదానిది. ఒకే పండులో కాపురం, ఒకదానికొకటి సాయం. ఇంగ్లీషు పాఠంలో వాటిని పిలిచిన మాట ఏమిటో ఊహించగలరా? అదే పాత ‘విర్మ్’.

ఆ డిసెంబర్‌లో వచ్చిన రెండో అనుబంధం ‘ది ఇండిగో డిస్క్’లో డిప్లిన్ ఇంకో మెట్టెక్కి హైడ్రాపుల్ అయింది. ఎత్తు 1.8 మీటర్లు, బరువు 93 కిలోలు. యాప్లిన్ బరువుకి 186 రెట్లు. లాంబ్టన్ బావిలో పడ్డ పురుగు కూడా ఇలాగే పెరిగి ఉంటుంది. దాని జపనీస్ పేరులో ఒరోచి ఉంది. క్రీ.శ. 712 నాటి కొజికి గ్రంథంలో సుసానో దేవుడు సారా తాగించి చంపిన ఎనిమిది తలల సర్పం యమాతా నో ఒరోచి. హైడ్రాపుల్‌లో ఉండేవి ఏడు. ఒక్కొక్కదానికీ ఒక్కో బుద్ధి, అన్నీ ఒక్కమాట మీదికి వచ్చేది ఎప్పుడో గానీ లేదు. ఇంత పెరిగినా, డ్రాగన్ అని ఎవరైనా ఒప్పుకునే రూపం వచ్చినా, అవి యాపిల్‌ని మాత్రం విడిచి రాలేదు. పాకం కారుతున్న పండులోంచి మెడలు చాచి, పుట్టినప్పుడు చూసినట్టే బయటికి చూస్తున్నాయి.