చెత్తబుట్టలు లేని దీవి

వేసవి సంచికకు ‘జనం లేని విహారం’ మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి. చేతికిచ్చిన ఫొటోల్లో అమెరికాలోని జార్జియా తీరాన ఉన్న కంబర్లాండ్ దీవి: మర్రి ఊడల్లా స్పానిష్ మాస్ వేలాడే ఓక్ చెట్లు, ఇసుకలో తిరిగే గుర్రాలు. ఫొటోలు బాగున్నాయి. నన్ను కట్టి కూర్చోబెట్టినవి మాత్రం అక్కడ గుడారం వేసుకునేవాళ్లకు నేషనల్ పార్క్ సర్వీస్ పెట్టిన నిబంధనలు.

దీవిలో దుకాణం లేదు. చెత్తబుట్టా లేదు. అరటితొక్కతో సహా తెచ్చుకున్నదంతా మళ్లీ మూటగట్టుకుని పడవెక్కాల్సిందే. దీవి రేవు నుంచి పది మైళ్లకు పైగా, అంటే దాదాపు 17 కిలోమీటర్లు, సామాను వీపున వేసుకుని నడిస్తే పడమటి అంచున బ్రిక్‌హిల్ బ్లఫ్ వస్తుంది. ఎదురుగా ఆటుపోట్లకు పొంగి తగ్గే ఏరు, అవతల ఉప్పు చిత్తడి. మరుగుదొడ్డి లేదు, గొయ్యి తవ్వి పూడ్చాలి. బావినీళ్లు మరిగించో వడకట్టో తాగాలి. రకూన్లు ముందుకాళ్లతో సంచుల జిప్పులు కూడా లాగేస్తాయి. అందుకే తిండి మూటను కొమ్మకు వేలాడదీయాలి. మంట వేయకూడదు, చిన్న స్టవ్ మీదే వంట. అక్కడి పామెట్టో పొదలు ఇట్టే అంటుకుంటాయి. రాలిన కొమ్మలైనా ఆ ఇసుకనేలలోనే చివికి కలవాలి. చదివినకొద్దీ ఈ నిబంధనల మీద నాకు గౌరవం పెరిగింది. ఒక్కటీ మనల్ని ఇబ్బంది పెట్టడానికి రాసింది కాదు.

అన్నిటికన్నా నచ్చింది, పడవలో రోజుకు 300 మందినే తేవాలన్న పరిమితి. దాన్ని 700కు పెంచాలన్న ప్రతిపాదన 2022లో వచ్చింది, గట్టి వ్యతిరేకతా వచ్చింది. అందరి పన్నులతో నడిచే చోటికి అందరూ రాగలగాలన్న వాదనను కొట్టిపారేయలేం. కానీ రద్దీ పెరిగాక తగ్గించడం ఎవరి తరమూ కాదు. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే ఆ తీరానికి 300 మందే చాలు.

చరిత్ర క్లుప్తంగా: ఆదివాసులైన తిముకువాలు, స్పెయిన్ మతప్రచారకులు, బానిసల చెమటతో పండిన పత్తి తోటలు, 1880లలో కార్నెగీ కుటుంబ భవనాలు. 1972లో జాతీయ తీరంగా ప్రకటించారు, 1982లో ఉత్తర భాగంలో చాలామేర రక్షిత అడవి అయింది.

వెళ్లేవారికి

దగ్గర్లోని జాక్సన్‌విల్ నగరపు తెలుగువాళ్లకు సెయింట్ మేరీస్ రేవు గంటలోపు దూరం. అక్కడి నుంచి పడవలో 45 నిమిషాలు. కారు, పెంపుడు కుక్క పడవెక్కవు. గుడారం చోటు ముందే రిజర్వు చేసుకోవాలి. పిల్లలుంటే దీవి రేవుకు దగ్గర్లోని సీ క్యాంప్ మేలు, అక్కడ మంచినీళ్లు, మరుగుదొడ్లు ఉన్నాయి. ఎండాకాలం దోమలు, పిడుదుల బెడద ఎక్కువ. చివరి పడవ తప్పితే సొంత ఖర్చుతో వేరే పడవ మాట్లాడుకోవాలి.