బార్లు ఉండగా చుక్కలెందుకు?

2011 జనగణన పట్టికల్లో రాష్ట్రాలకు వరస సంఖ్యలుంటాయి. 1 జమ్మూ కశ్మీర్‌ది. 28 ఆంధ్రప్రదేశ్‌ది. అక్షరాస్యత చూస్తే అక్కడ 67.2 శాతం, ఇక్కడ 67.0. పట్టికలో ఒకరికొకరు ఎంతో దూరంగా ఉన్నా లెక్కలో పక్కపక్క ఇళ్లవాళ్లే. పట్టికను ఎంతసేపు చూసినా ఈ సంగతి తట్టదు. అదే చుక్కల పటంలోనైతే చూడగానే తెలుస్తుంది.

పటం ఎలా గీయాలి? ఎడమ పక్కన అప్పటి 28 రాష్ట్రాల పేర్లు ఒకదాని కింద ఒకటి రాయండి. అడుగున శాతాల కొలబద్ద గీయండి. ప్రతి పేరుకు ఎదురుగా, దాని శాతం ఎక్కడ పడుతుందో అక్కడ ఒక చుక్క పెట్టండి. పేర్లు మాత్రం అక్షర క్రమంలో వద్దు. 94.0తో కేరళ పైన, 61.8తో బిహార్ అడుగున ఉండేలా విలువల వరసలో పేర్చాలి. సగం పని ఈ పేర్చడంలోనే అయిపోతుంది. ముగ్గులో చుక్కల మధ్య ఎడం సమానంగా ఉండాలి. ఇక్కడ సమానంగా లేకపోవడమే మనం చదవాల్సిన విషయం: ఎక్కడ గుంపు కట్టాయి, ఎక్కడ ఖాళీ వదిలాయి అన్నది.

బార్ చార్టు చాలదా? చిక్కు సున్నా దగ్గర వస్తుంది. బార్‌లో కన్ను పొడవును చూస్తుంది కాబట్టి దాన్ని సున్నా నుంచే మొదలెట్టాలి. అప్పుడు బిహార్ బార్ కూడా కేరళ బార్‌లో మూడింట రెండు వంతులు ఉంటుంది. 28 బార్లూ పక్కపక్కన నిలబడితే దడి కట్టినట్టుంటుంది, తేడాలు ఆనవు. పోనీ 60 దగ్గర కోసేద్దామా? బిహార్‌కు 1.8, కేరళకు 34 మిగులుతాయి. కేరళ దాదాపు 19 రెట్లు పొడుగ్గా కనబడుతుంది. అది పచ్చి అబద్ధం. చుక్కకు పొడవు లేదు, ఉన్నదల్లా చోటు. అందుకే కొలబద్దను 60 దగ్గర మొదలుపెట్టినా మోసం కాదు.

అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన విలియం క్లీవ్‌లాండ్ ఈ పటాన్ని 1984లో ప్రతిపాదించారు. ఆయన, రాబర్ట్ మెక్‌గిల్ అదే ఏడాది ప్రచురించిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, ఒకే కొలబద్ద మీది చోట్లను పోల్చడంలో మనిషి కన్ను పొరబడేది తక్కువ. కోణాలను పోల్చడంలో ఎక్కువ. వృత్తాన్ని కోణాలుగా కోసి చూపే పై (pie) చార్టు మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదే కారణం.

కంప్యూటర్ లేకపోయినా గ్రాఫ్ కాగితం చాలు. శాతానికి అర సెంటీమీటరు చొప్పున 60 నుంచి 95 దాకా పదిహేడున్నర సెంటీమీటర్లు. ఎక్సెల్‌లో అయితే స్కాటర్ చార్టు తీసుకుని శాతాన్ని అడ్డంగా, విలువల వరసలో అడుగు నుంచి లెక్కపెట్టిన స్థానాన్ని నిలువుగా ఇవ్వండి. దేశ సగటు 73.0 దగ్గర ఒక నిలువు గీత గీస్తే ఎవరు అటో, ఎవరు ఇటో తెలిసిపోతుంది. 72.9 ఉన్న ఒడిశా చుక్క ఇంచుమించు గీత మీదే పడుతుంది. ఇంత చిన్న తేడాలకు ర్యాంకులు అంటగట్టి పండగ చేసుకోకండి.

ఇంకో మెట్టు ఎక్కాలంటే వరసకు రెండు చుక్కలు పెట్టండి: పురుషులకు నిండుది, స్త్రీలకు బోలుది. కొలబద్దను 50 దాకా వెనక్కి జరపాలి, కుడి చివరను 95 దాటించాలి. కేరళలో చుక్కలు 96.1, 92.1 దగ్గర పడతాయి, మధ్య ఎడం నాలుగు పాయింట్లే. రాజస్థాన్‌లో 79.2, 52.1. మధ్యలో 27 పాయింట్ల ఖాళీ. ఆంధ్రప్రదేశ్ పురుషులు 74.9తో రాజస్థాన్ పురుషుల కంటే వెనక. అయినా మొత్తం మీద మనం 67.0, వాళ్లు 66.1. మనల్ని ముందుకు నెట్టింది 59.1 దగ్గరున్న ఆ బోలు చుక్కే.

పటం కింద రెండు మాటలు తప్పకుండా రాయండి: ఇది ఏడేళ్లు, ఆపై వయసు వారి లెక్క, ఆంధ్రప్రదేశ్ అంటే ఉమ్మడి రాష్ట్రం. తెలంగాణ చుక్క కోసం వెతకకండి, ఆ రాష్ట్రం ఏర్పడింది 2014 జూన్ 2న.